డిక్కీలో వాన

మా ఇంట్లో కారుండేదని చెబితే ఇప్పటి పిల్లలు నన్నేదో జమీందారు కోడలనుకుని కళ్ళు పెద్దవి చేస్తారు. అంత వైభవమేమీ లేదు. మా ఆయన బాడుగ కారు తోలేవాడు, అంతే. చిత్తూరు నుంచి తిరుపతికి, తిరుపతి నుంచి చిత్తూరుకు, మధ్యలో ఎవరైనా కాణిపాకం అంటే కాణిపాకానికి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో, ఊరొదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆ బండిని కొన్నాడు. పెట్రోలు దొరకని రోజుల్లో దానికి వెనకవైపు బొగ్గుల పొయ్యి బిగించి, ఆ గ్యాసుతోనే నడిపారట. పొయ్యి ఊడదీశాక బోల్టులు దిగిన చోటల్లా తూట్లు మిగిలాయి. మా ఆయన వాటికి రేకుముక్కలు అతికి, పైన నల్లరంగు పూశాడు. దూరం నుంచి చూస్తే కొత్తబండే. దగ్గరికి వస్తే మటుకు మశూచి పోసి తగ్గిన ముఖంలా ఉండేది.

పొద్దున లేచి తన ముఖం కడుక్కోకముందే బండి ముఖం కడిగేవాడు. పెళ్ళైన కొత్తల్లో కూడా నాకేసి అంత మురిపెంగా చూసింది లేదు. ఆ మాటే అంటే, "దానికి బ్రేకులుండాయి. నీ నోటికి ఉండాయా?" అనేవాడు. నిజమే, అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. ఆ బ్రేకుల్లేని నోరే ఒకసారి రెండు రహస్యాలను ఒకేసారి మోయవలసి వచ్చింది. అదే చెప్పబోతున్నాను.

ఇంట్లో మేం ముగ్గురమే. మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. మా మామ మృదంగం వాయించేవాడు. మా వైపు ఎండాకాలం వస్తే ఊళ్ళలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. పగలంతా హరికథ, రాత్రి నాటకం, రోజుల తరబడి సాగుతుంది. హరికథ చెప్పే భాగవతారు ఎవరైనా సరే, పక్కన మా మామ మృదంగం ఉంటే ఆయన గొంతు ఇంకో మెట్టు పైకి లేచేది. కొడుక్కి కూడా చిన్నప్పుడు మృదంగం నేర్పాలని చూశాడట. కొడుకు చేతులు స్టీరింగు మీదికి పోయాయి. అందరూ మామ కోప్పడతాడనుకున్నారు. ఆయన మటుకు, "రెండు చేతులూ ఆడించే పనే గదా. ఏదైతే ఏముండాది!" అని నవ్వేసి ఊరుకున్నాడట. అట్లాంటి మనిషి.

బండి ఇంటికి వచ్చిన రోజు పూజ చేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, ముందువైపు పసుపూ కుంకుమా పెట్టాం. ఇంతలో మామ లోపలికి పోయి, మా అత్త పూజచేసుకునే గూట్లోంచి ఇత్తడి తిరునామం పట్టుకొచ్చాడు. అరచేతంత ఉంటుంది. మా అత్త దాన్ని చింతపండుతో తోమి తోమి, అంచులు అరిగిపోయాయి. దాన్ని బండికి పెట్టాలన్నాడు.

"ముందర పెడదాం నాయనా," అన్నాడు మా ఆయన.

"ముందర వద్దురా. ఎనకాల పెడదాం. ఎనకొచ్చే బండ్లోల్లు గూడా ఒకసారి గోవిందా అనుకుంటారు. ఆ పుణ్యం గూడా మనదే," అన్నాడు మామ.

షెడ్డుకు తీసుకుపోయి సరిగ్గా బిగిస్తానని మా ఆయన అంటూనే ఉన్నాడు. మంచి ఘడియ దాటిపోతుందని మామ వినలేదు. ఆయనే మేకులూ సుత్తీ తీసుకుని డిక్కీ మూత నడిమధ్యన నామం పెట్టి కొట్టాడు. నామానికి మూడు గీతలుంటాయి కాబట్టి మూడు మేకులు. ఒక్కొక్క దెబ్బకూ "గోవిందా" అన్నాడు. మృదంగం వాయించే చెయ్యి కదా, దెబ్బ కూడా తాళం తప్పకుండా పడింది. మా ఆయన పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు. అది బండి మీద పడే దెబ్బలకా, లేక వాళ్ళమ్మ నామం చూసి వచ్చే ఏడుపును ఆపుకోవడానికా అని నేను అడగలేదు.

శివరాత్రి వెళ్ళాక కొన్న బండి అది. ఆ తర్వాత నెలల తరబడి చుక్క వాన లేదు. నడివేసవి కత్తిరి ఎండల్లో మా ఆయన మొక్కుబడులవాళ్ళను తిరుపతికి దించుతూ, ఎక్కిస్తూ తిరిగాడు. డిక్కీలోకి చుక్క నీరు దిగదని ఆయన ఎవరికో చెప్పుకున్నాడు కూడా. వాన రానిదే ఎలా తెలిసిందో ఆ దేవుడికే ఎరుక.

మొదటి పెద్దవాన భారతం రోజున వచ్చింది. పూతలపట్టు దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో హరికథ. భాగవతారు, ఆయన హార్మోనియం, తాళాలవాడు, మామ, అందరూ బండిలో ఇరుక్కుని కూర్చున్నారు. మృదంగానికి చోటు లేక, మందపాటి గుడ్డ సంచిలో పెట్టి డిక్కీలో పడుకోబెట్టారు. దారి సగంలో ఆకాశం విరుచుకుపడింది. లోపల కూర్చున్నవాళ్ళ మీద చినుకు కూడా పడలేదు. ఊరు చేరి డిక్కీ తెరిస్తే సంచి అంతా నీళ్ళు. కుడివైపు తోలు మీద నల్లగా గుండ్రంగా ఉండే పూత నాని, పెచ్చుగా లేచి వచ్చేసింది. ఇక ఆ పూట దాన్ని ఎవరూ పలికించలేరు.

నేను ఆ ఊరికి పోలేదు. ఇదంతా మా ఆయన చెప్పగా విన్నదే. భాగవతారు ఉత్త హార్మోనియంతో, తాళాలతోనే కథ నడిపించాడట. మామ పందిట్లో ఆయన పక్కనే తన చోట కూర్చుని, మృదంగం లేని ఒడిలో చేతులు పెట్టుకుని కథంతా విన్నాడట. వాన వెలిశాక బండెక్కమంటే, "నువ్వు పో, నాకు ఈడ పనుండాది," అన్నాడట. మరునాడు ఎవరిదో ఎద్దులబండిలో ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కునేటప్పుడు చూశాను. కుడిచేతి వేళ్ళ మీద గీరుకుపోయిన గాయం ఉంది.

"ఏమి మామా ఇది?"

"ఏదో గీసుకునిందిలే," అన్నాడు. పసుపు రాశాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఆ రోజు మొదలు మామ కొడుకు బండి ఎక్కలేదు. కాణిపాకం పోవాలంటే బస్సు కోసం నిలబడేవాడు. బస్సు రాకపోతే నడిచేవాడు. పక్క వీధికి పిలుపొచ్చినా మృదంగం భుజానికి తగిలించుకుని పోయేవాడు. తోలు మార్పించుకున్నాడు, మృదంగం మళ్ళీ బాగైంది. ఆయనే బాగవలేదు. మా ఆయన పక్కనే బండి ఆపి, "ఎక్కు నాయనా. డిక్కీలో వద్దు, మృదంగం ఒళ్ళో పెట్టుకో," అని బతిమాలేవాడు. "నాకొద్దురా, నువ్వు పో," అనేవాడు ఆయన, రోడ్డు వైపు చూస్తూ. ఒళ్ళో పెట్టుకుంటే తడిసే మాటే లేదు కదా. మరెందుకు ఎక్కడు? ఆ ప్రశ్న నాకు అప్పుడే రావలసింది. రాలేదు. కోపం అనుకున్నాం, అందరం కోపమే అనుకున్నాం. వీధిలో వాళ్ళు కొడుకుదేమో కారు, నాయనదేమో కాలినడక అని నవ్వేవాళ్ళు. మా ఆయన ఆ మాట విన్న పూట సంగటి ముద్ద ముట్టేవాడు కాదు.

ఆయనకు ఒక్కటే పిచ్చి పట్టుకుంది. డిక్కీలోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టాలి, ఆపాలి. అది ఆగితే నాయన ఎక్కుతాడు. అదీ ఆయన లెక్క.

ముందు అనుమానం బొగ్గుల పొయ్యి తూట్ల మీదికి పోయింది. అతికిన రేకులన్నీ పీకి, తారు మరగబెట్టి పోసి, మళ్ళీ అతికాడు. వాన వచ్చింది, డిక్కీ తడిసింది. తర్వాత మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండి బిగుసుకుపోయిందన్నాడు. పాత లారీ ట్యూబు తెచ్చి, పట్టీలుగా కోసి అంటించాడు. వాన వచ్చింది, తడిసింది. నీళ్ళు ఎప్పుడూ కుడివైపు మూలలోనే చేరుతున్నాయి కాబట్టి, ఆ మూలకు దగ్గరగా ఉన్న వెనక లైటు దగ్గరే దొంగ దాక్కున్నాడని తేల్చాడు. ఆ లైటు విప్పి, బిగించి, తారు పూసి, మళ్ళీ విప్పి, దాని ప్రాణం తీశాడు. మొక్కుబడులవాళ్ళ మూటలు డిక్కీలో పెట్టడం మానేసి వాళ్ళ ఒళ్ళోనే పెట్టించేవాడు. డిక్కీ తెరిస్తే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమనేది. నాకు ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే, మా ఆయన మూత ఎత్తి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, లోపలికి చూస్తూ నిలబడిన తీరు కళ్ళ ముందుకు వస్తుంది. బావిలో చెంబు పడేసుకున్నవాడు అలాగే చూస్తాడు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మామ తిన్నె మీద కూర్చుని చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. తారు వాసనకు దగ్గు వస్తే లేచి లోపలికి పోయేవాడు.

ఏడాది తిరిగింది. మళ్ళీ భారతాల కాలం వచ్చింది. భాగవతారు మా ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. నేను మజ్జిగ ఇవ్వబోతూ గడప లోపలే ఆగిపోయాను.

"ఈ తూరి నేను రాలేనబ్బా. ఏరేవాల్లను సూసుకో," అంటున్నాడు మామ.

"నువ్వు లేకుంటే ఎట్లప్పా? ఊరోల్లు నిన్నే అడగతా ఉండారు."

"పోయినసారి కథ సెడిపోయింది నా వల్లనే గదా. ఇంక సాలు. సేతులు గూడా మునుపటి మాదిరి లేవు."

చేతులు మునుపటిలాగే ఉన్నాయి. పొద్దున్నే తిన్నె అంచు మీద వేళ్ళతో వాయించుకుంటుంటే లోపల నా చేతిలో చేట ఆ తాళానికే చెరిగేది. ఆయన మృదంగం వదిలేస్తున్నాడు. భాగవతారు ఆలోచించుకోమని, రెండు మూడు రోజుల్లో మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. మా ఆయన సాయంత్రం ఆ మాట విని, పోయి బండిలో స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎక్కడికీ పోలేదు, ఊరికే కూర్చున్నాడు. నేను పోయి పక్క సీట్లో కూర్చున్నాను.

"నా బండి వల్ల నాయన మద్దెల మానేస్తా ఉండాడు," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. వాన మీదనో, ఆ దొర మీదనో, మాట్లాడని మామ మీదనో. "రేపు నేను సూస్తాను ఆ నీళ్ళు యాడ కారతాయో," అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వినా సరే, అనుకున్నాను.

మరునాడు పొద్దున, నా ముగ్గు డబ్బా బయటికి తెచ్చాను. మా వాకిట్లో ముగ్గు పెట్టిన కాసేపటికి ఎక్కడ నీళ్ళ చుక్క పడినా అక్కడ నల్లటి మచ్చ కనిపిస్తుంది కదా. పిల్లలు చెంబుతో నీళ్ళు తీసుకుపోతే, ఆ చుక్కలను బట్టి ఎవరింటికి పోయారో చెప్పేదాన్ని. డిక్కీ లోపల కూడా అలాగే ముగ్గు పెడితే సరి. మూత లోపలివైపు పిండి నిలవదు కాబట్టి సుద్దగడ్డతో బాగా రుద్దాను. నడుమ అడ్డంగా ఉన్న రేకు పట్టీకీ, అంచులకీ, మూలలకీ రుద్దాను. అడుగున ముగ్గుపిండి పల్చగా చల్లాను. నల్లటి డిక్కీ పండగ వాకిలి అయింది.

"మూత తీసి సూసేలోపల నీళ్ళు అటూఇటూ కారిపోతాయి. లోపల ఎవరన్నా కూసోవాల," అన్నాను.

"ఎవరు కూసుంటారు?"

నేను కొంగు బిగించుకుంటున్నాను. అప్పట్లో నేను పిడికెడంత ఉండేదాన్ని. మా ఆయన వద్దంటే వద్దన్నాడు, ఊపిరాడదన్నాడు. నీళ్ళు వచ్చే దారిలో గాలి రాదా అన్నాను. అడుగున చల్లిన ముగ్గును కాళ్ళతో చెరపకుండా ఒక పక్కకు ఒదిగి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నాను. ఆయన మూత వేశాడు.

చిమ్మచీకటి. ఒక్క సన్నటి వెలుగు చుక్క కూడా ఎక్కడా లేదు. తూటే లేదేమో, నీళ్ళు మాయగా వస్తున్నాయేమో అని నాకు కూడా భయం వేసింది. పైన ఆయన కడవతో నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. రేకు మీద నీళ్ళు పడుతుంటే లోపల ఎంత మోతో! మధ్యమధ్యలో పోయడం ఆపి మూత మీద తట్టేవాడు.

"ఉండావా?"

"యాడికి పోతాను? పొయ్యి నువ్వు!"

మళ్ళీ కొంచెం పోసేవాడు, మళ్ళీ తట్టేవాడు. "ఊపిరాడతాండాదా?"

"నువ్వు ఊరికే తట్టకపోతే ఆడతాది!"

ఆయన గొంతులో నాకోసం అంత కంగారు నేను బయట ఉన్నప్పుడు ఎప్పుడూ వినలేదు. బండికిచ్చే మురిపెంలో నా వాటా ఎంతో ఆ చీకట్లో తెలిసింది. ఇంకొంచెంసేపు లోపలే ఉన్నా బాగుండునని కూడా అనిపించింది. అంతలో నా మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది.

చేత్తో తడిమాను. మూలలో కాదు, లైటు దగ్గర కాదు. మూత నడిమధ్యన, పట్టీకి ఆనుకుని ఏదో సూదిగా తగిలి వేలు చీరుకుంది. పక్కనే ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి.

"తియ్యి," అన్నాను.

మూత లేచింది. వెలుగులో చూస్తే తెల్లటి సుద్ద మీద దారి స్పష్టంగా కనబడుతోంది. నడిమధ్యన మూడు తడి మచ్చలు. వాటినుంచి నీళ్ళు పట్టీ వెంబడే పక్కకు పాకి, కుడివైపు మూలకు పోయి, లైటు దగ్గర కిందికి జారాయి. అందుకే ఏడాదిగా మా ఆయన లైటును పట్టుకుని వేలాడాడు. మూడు మచ్చల నడుమ మూడు మేకు మొనలు, ఇన్నాళ్ళూ మా కంటపడకుండా, సుద్ద రుద్దే చేతికీ తగలకుండా, పట్టీ చాటున పొడుచుకొచ్చి ఉన్నాయి. అవతలివైపు ఏముందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్ళో ఉన్న తూట్లన్నీ అనుమానించాం కానీ దేవుడి నామం కిందికి మాత్రం మా ఇద్దరి చూపూ పోలేదు. ప్రతి శుక్రవారం దానికి దండం పెట్టి, దాని చుట్టూ ఉన్న ప్రతి అంగుళానికీ తారు పూశాం.

మా ఆయన నా వేలు చూసి, తన భుజం మీది తువ్వాలు చింపి కట్టాడు. తర్వాత మూత దించి, నామం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మామ బజారుకు పోయి ఉన్నాడు. అది మా అదృష్టం.

"పీకేసి మల్ల బిగిద్దామా?" అన్నాను.

"పీకితే నాయన సూస్తాడు. ఏంటికి పీకినావంటాడు. ఏమని సెప్పేది? నువ్వు కొట్టిన మేకే నీ మద్దెలను ముంచిందని సెప్పేదా?" అన్నాడు. "అమ్మ నామం అది. ఆడ్నే ఉండాల. నాయనకు ఎప్పటికీ తెలీకూడదు. నీ నోరు జాగ్రత్త."

గుగ్గిలం, తేనెమైనం అంగడి నుంచి తెచ్చాడు. నా గిన్నె ఒకటి పాడుచేసి, రెండూ కరిగించి, కొంచెం ఆముదం కలిపి ముద్ద చేశాం. నామం ఊడదీయకుండానే, దాని అంచుల చుట్టూ ఆ ముద్దను వేలితో నొక్కి, సందు లేకుండా దిద్దాడు. కొత్తగా కనబడుతుందేమోనని నేను దానిమీద పసుపు దట్టంగా మెత్తాను. పూజ చేసినట్టే ఉంది. లోపలివైపు మేకు మొనల చుట్టూ కూడా పూశాడు. అంతటితో సరిపోయేది. కానీ నా వేలి కట్టు వైపు ఒకసారి చూసి, ఒక్కొక్క మొన మీదా గోళీకాయంత ముద్ద పెట్టి, నున్నగా గుండ్రంగా దిద్దాడు, ఇంకెవరి చేతికీ గుచ్చుకోకుండా. మళ్ళీ సుద్ద రుద్ది, మళ్ళీ నన్ను లోపల పెట్టి, ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ పోశాడు. మూత తీస్తే సుద్ద తెల్లగానే ఉంది. నా ముఖం కూడా తెల్లగా సుద్ద పట్టి ఉందట. ఆయన పడీపడీ నవ్వాడు. ఏడాది తర్వాత నవ్విన నవ్వు అది.

సాయంత్రం మామతో, "లైటు కాడ రబ్బరు పోయింది నాయనా. మార్చేసినాను. ఇంక సుక్క దిగదు," అన్నాడు. అబద్ధం ఆడటం రాదు ఆయనకు, చెవులు ఎర్రబడతాయి.

మామ బండి వైపు చూశాడు. పసుపు వైపు చూశాడు. "ఔనా," అన్నాడు. అంతే. ఎక్కుతాననలేదు, భారతానికి పోతాననలేదు. మా ఆయన ముఖం మళ్ళీ వాడిపోయింది.

ఇక నా నోరు ఆగలేదు. మరునాడు మా ఆయన తిరుపతికి పోయాక, మామకు సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగేశాను. "ఏమి మామా ఇంత పంతం? ఆ మనిషి ఏడాదిగా కుమిలిపోతా ఉండాడు. కన్నకొడుకు బండెక్కలేనంత కోపమా నీకు?"

ఆయన చేతిలోని ముద్ద తట్టలో పెట్టేశాడు.

"కోపమా? నాకా? వాడి మీదనా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మాయ్, ఆ బండికి తూటు పొడిసింది నేనే."

నేను ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"ఆ పొద్దు మద్దెల బయటికి తీస్తా ఉంటే నా సెయ్యి మూతకు తగిలి గీరుకుపోయింది. సూస్తే మేకు మొన. దానెంబడి నీళ్ళు. అప్పుడే తెలిసింది. వాడు ఎంత ముద్దుగా కొనుక్కున్న బండి! నేను పోయి సుత్తితో దాని కడుపులో పొడిసినాను. ఇంక ఏ మొగం పెట్టుకోని ఎక్కేది? ఎక్కితే నా సూపు దానిమీదికే పోతాది."

"మరి సెప్పచ్చు గదా మామా! ఆ మనిషి రబ్బరంటాడు, లైటంటాడు, తారు కాసి కాసి సేతులు కాల్సుకున్నాడు గదా!"

"ఏమని సెప్పేది? మీ అత్త మొక్కిన నామం తీసెయ్యమనేదా? ఏ నోటితో అనేది? రేపు సెప్తాను, ఎల్లుండి సెప్తాను అనుకుంటానే ఉండాను. దినాలు పోయేకొద్దీ నోరు రాలేదు," అన్నాడు. "నిన్న పసుపు సూసినాను. దాని కింద మైనం వాసన వస్తా ఉండాది. మద్దెల తోలుకు మైనం రాసే నాకు ఆ వాసన తెలీదా? నా మనసు నొచ్చుకుంటాదని వాడు లైటు మీదికి నెట్టేసినాడు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఈ మాట ఒక్కటి ముందే సెప్పుంటే, నేను డిక్కీలో దూరి నెత్తిన నీళ్ళు పోయించుకోవాల్సిన పనుండునా మామా?" అన్నాను. నేను డిక్కీలో దూరిన సంగతి ఆయనకు తెలియదు. విని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు తెలుసని వాడితో అనద్దు. నా కోసరం కట్టుకున్న మాట అది. అట్లే ఉండనీ."

అలా ఇద్దరి నోళ్ళకూ నా నోరే తాళమైంది.

భాగవతారు మళ్ళీ వచ్చినప్పుడు మామ వస్తానన్నాడు. కొడుకు బండిలోనే వస్తానన్నాడు. ఆ రోజు నన్నూ తీసుకుపోయారు. బయలుదేరేటప్పుడు భాగవతారు మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుంటానని చెయ్యి చాపాడు. మామ ఇవ్వలేదు. తానే వెనక్కి పోయి, డిక్కీలో దుప్పటి పరిచి, మృదంగాన్ని పడుకోబెట్టి, మూత వేశాడు. వచ్చి కొడుకు పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. మా ఆయన స్టీరింగును తువ్వాలుతో తుడిచి బండి కదిలించాడు.

పూతలపట్టు దాటామో లేదో, కొండల మీద నల్లగా కమ్ముకొచ్చింది. వాన మొదలైంది. ఒక చోట మా ఆయన బండి నిదానం చేసి, "ఆపి లోపలికి తెచ్చుకుందామా నాయనా?" అన్నాడు. మామ రోడ్డు వైపే చూస్తూ, "ఏంటికి? కొత్త రబ్బరు ఏసినావు గదా, పోనీ," అన్నాడు. నేను వెనక కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఊరు చేరేసరికి వాన సన్నబడింది. మా ఆయన దిగి డిక్కీ మూత ఎత్తాడు. దుప్పటి పొడిగా ఉంది. సంచి పొడిగా ఉంది. మా ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. మామ మటుకు మృదంగం వైపు చూడలేదు. కుడిచెయ్యి పైకెత్తి, మూత లోపలివైపు, ఏడాది కిందట గీరుకుపోయిన చోట తడిమాడు. మేకు మొన తగలలేదు. నున్నటి మైనపు గోళీ తగిలింది. పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. ఒక్కొక్కదాన్నీ వేలితో మెల్లగా ముట్టుకున్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని, సంచికి లేని ముడిని విప్పుతున్నట్టు నటిస్తున్నాడు.

"రబ్బరు బాగుండాదిరా," అన్నాడు మామ.

"ఔ నాయనా," అన్నాడు మా ఆయన.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మామ మృదంగాన్ని చంకన పెట్టుకుని, రెండో చెయ్యి కొడుకు భుజం మీద వేసి, బురదలో జారకుండా ఆనుకుని, పందిట్లోకి నడిచాడు. నేను డిక్కీ మూత దించి, నామం మీద వానకు కరిగిన పసుపును కొంగుతో తుడిచి, కళ్ళు కూడా ఆ కొంగుతోనే తుడుచుకున్నాను. పందిట్లోంచి మృదంగం మొదటి దెబ్బ వినబడింది.